రాగి పోగు చుట్టని ఫ్యూజు

పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు. పొగమంచు. ట్రక్కు దిగి నిలబడితే నా బూట్లు నాకే కనపడలేదు. ఎవరో మడమలు కొట్టి సెల్యూట్ చేశారు. చప్పుడు వచ్చిన వైపు తిరిగి నేనూ చేశాను.

తూర్పు సరిహద్దు. పోస్టు పేరు చెప్పను, అడగొద్దు. పన్నెండు వేల అడుగుల పైన రాళ్ళతో కట్టిన నాలుగు బంకర్లు, ఒక రేకుల షెడ్డు, ఒక జీపు. నేను వాహనాల మరమ్మతు శాఖలో కెప్టెన్‌ని. ఆ షెడ్డూ, ఆ జీపూ, ఇద్దరు మెకానిక్కులూ నా బాధ్యత. ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ చదివిన జమ్మలమడుగు ఆడపిల్లకు అక్కడ ఏం పని అని మనవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. "తుపాకీ పేల్చినావా?" అంటారు. పేల్చలేదు. వైర్లు బిగించాను. ఇది విని ముఖం మాడ్చుకునేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. నాకేం నష్టం లేదు.

పోస్టు నుంచి కింది బేస్‌కు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. డాక్టరు ఉండేది అక్కడే. దారంతా దిగుడు. దిగేటప్పుడు ఎడమ చేతి వైపు లోయ, కుడి వైపు కొండ. సగం దారిలో ఒక వాగు అడ్డంగా పారుతుంది, వంతెన లేదు. గండికోట అంచున నిలబడి పెన్నలోకి తొంగి చూసి "అబ్బో" అనుకుంటారు కదా మీరు, అలాంటి అంచు పక్కనే, గోడ లేకుండా, ఇరవై కిలోమీటర్లు. పొగమంచులో హెడ్‌లైట్లు వేస్తే కళ్ళ ముందు తెల్లటి గోడ లేస్తుంది, ఇంకేమీ కనపడదు. అందుకని బంపరు మీద కిందగా రెండు పసుపు లైట్లు అదనంగా పెట్టారు. అవి నేలబారుగా పోతాయి. కుడి లైటు కొండ వైపు గాడిని చూపిస్తుంది. ఎడమ లైటు లోయ అంచును చూపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే బానెట్ ఎత్తాను. బ్యాటరీ నుంచి ఒకే వైరు. అది రేకులో తొలిచిన రంధ్రం గుండా డాష్‌బోర్డుకు పోయి ఒక స్విచ్చుకు తగులుకుంది. ఆ స్విచ్చు నుంచే రెండు లైట్లకూ. స్విచ్చు మీద బరువు పడకుండా లైట్ల కరెంటును తాను మోసే రిలే లేదు. రంధ్రానికి రబ్బరు లేదు, రేకు అంచు వైరు తోలును సగం కోసేసింది. లైట్లు వేసి కాసేపాగి స్విచ్చు మీద వేలు పెడితే చురుక్కుమంది. ఫ్యూజు పెట్టె మాత్రం ఉంది. తెరిచాను. లోపలి ఫ్యూజు ఏనాడో కాలిపోయింది. దాని రెండు కొనలను కలుపుతూ రాగి పోగులు చుట్టి ఉన్నాయి. నీటుగా, జడ అల్లినట్టు.

ఆ చుట్టు నాకు తెలుసు.

"ఈ బండి డ్రైవరెవరు?" హిందీలో అడిగాను.

"నేనే మేడం." పొడుగ్గా, ఎండు కట్టెలా ఉన్న నాయక్ ముందుకు వచ్చాడు.

"ఏ ఊరు?"

"ఆంధ్ర, మేడం."

"ఆంధ్రలో?"

"కడప జిల్లా."

"కడపలో యాడ?" అన్నాను తెలుగులో.

అతని నోరు తెరుచుకుంది. "లింగాల మేడం! పులివెందుల పక్కన. మీది గూడా…"

"జమ్మలమడుగు. సంబరం తర్వాత పడుదువులే. ఈ పోగులు సుట్టింది నువ్వేనా?"

"నేనే. రెండేండ్లాయ మేడం, ఒక్కసారి గూడా లైట్లు పోల్యా."

"అదే కదప్పా నా బాధ."

మన పక్క ఏ బోరు స్టార్టరు పెట్టె తెరిచినా ఇదే కనపడుతుంది. కరెంటు ఇచ్చేదే కొన్ని గంటలు. ఆ గంటల్లో ఫ్యూజు పోతే చీనీ చెట్లు, అదే బత్తాయి తోటలు, ఎండుతాయి. అందుకని పోగు చుడతారు. ఒకటి ఆగకపోతే మూడు చుడతారు. ఫ్యూజు అంటే మనకు కాపలాదారు కాదు, పనికి అడ్డం పడే శనిగాడు. మా ఇంట్లోనూ ఇదే మతం. కాబట్టి ఆ డ్రైవరు మూర్ఖుడని నేను అనను. అతను పెరిగిన తీరు అది.

కానీ ఊరుకోనూ లేదు. షెడ్డులో వాదన మొదలైంది. మెకానిక్కులిద్దరూ భాష అర్థం కాక, మేం కొట్టుకుంటున్నామనుకుని దూరం జరిగారు.

"ఫ్యూజు పోతే మలుపులో కండ్లు పోయినట్టే మేడం. బండి లోయలోకే. వైరు కాలితే కాలనీ, లైటైతే ఉంటాది కదా?"

"వైరు కాలితే బండి కాలుతాది. బండ్లో నువ్వుంటావు."

"దూకుతా."

"ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. యాడికి దూకుతావు, పులివెందులకా?"

అతను నవ్వలేదు. "మీరు షెడ్డులో ఉంటారు మేడం. దావలో నేను ఉంటా."

ఆ మాటలో పస ఉంది. ఎదుటివాళ్ళ మాటలో పస ఉందని ఒప్పుకోవడం నా ఒంటికి పడదు. అందుకని ఒప్పుకోకుండానే పని మార్చేశాను. అన్నీ రెండు చేశాను. లైటుకొక ఫ్యూజు, బ్యాటరీకి జానెడు దూరంలోనే. లైటుకొక రిలే. లైటుకొక వైరు. లైటుకొక స్విచ్చు. ఒకటి చచ్చినా రెండోది బతకాలి. రేకు రంధ్రానికి రబ్బరు తొడిగాం. వైర్లను గొట్టంలో దూర్చి క్లాంపులతో బిగించాం. స్విచ్చులకు కరెంటు తాళం చెవి నుంచి ఇచ్చాం. తాళం తీస్తే లైట్లు ఆరిపోవాల్సిందే, సరిహద్దులో మరిచిపోయి వదిలిన లైటు అవతలివాడికి చిరునామా. చేతులకు మందపాటి తొడుగులుంటాయి, కళ్ళు దారి మీద ఉంటాయి. అందుకని ఎడమ స్విచ్చుకు పాత ట్యూబు ముక్క చుట్టాను, తడిమితే తెలిసేట్టు.

"స్విచ్చు అధికారి లాంటిది," అన్నాను డ్రైవరుతో. "ఆజ్ఞ ఇస్తుంది, అంతే. బరువు మోసేది రిలే."

"ఆర్మీ మాదిరే మేడం," అన్నాడు. ముఖంలో ఏమీ లేదు.

పోస్టు కమాండరు వచ్చి చూశాడు. "ఏదైనా కాలితే నీ పేరు రాస్తాను, కెప్టెన్."

"కాలకపోతే సార్?"

"అప్పుడు నా పేరు."

డ్రైవరు దగ్గరున్న రాగి పోగులన్నీ అడిగి తీసుకున్నాను. "అన్నీ ఇచ్చినావా?" అంటే "ఇచ్చినా" అన్నాడు. ఒకటి దాచుకున్నాడు. మనవాళ్ళ సంగతి నాకు తెలిసి ఉండాల్సింది.

చలి ముదిరాక మా వంటవాడికి దగ్గు పట్టుకుంది. రొట్టెలు కాలుస్తూ దగ్గాడు, వడ్డిస్తూ దగ్గాడు. రెండో రోజు మధ్యాహ్నానికి పెదవులు నీలంగా మారాయి. నోట్లో గులాబి రంగు నురగ. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని నర్సింగ్ అసిస్టెంట్ చెప్పాడు. ఎత్తు మీద వచ్చే జబ్బు. కిందికి దించడమే మందు. పొగమంచులో హెలికాప్టరు ఎగరదు.

మూడు గంటలకు జీపు బయలుదేరింది. ముందు డ్రైవరు. వెనక స్ట్రెచరు మీద వంటవాడు, పక్కన నర్సింగ్ అసిస్టెంట్, వాళ్ళ కాళ్ళ దగ్గర తాడుతో కట్టిన ఆక్సిజన్ సిలిండరు. రెండు పసుపు లైట్లు రెండు నిమిషాలు కనపడి మంచులో మునిగిపోయాయి.

నేను సిగ్నల్ బంకర్‌లో కూర్చున్నాను. వైర్‌లెస్ సెట్టు ముందు సిగ్నలర్, గఢ్వాల్ మనిషి, మాట పొదుపు. నాలుగు దాటాక సెట్టు గరగరలాడింది.

"వాగు దాటాం. ఎడమ లైటు పోయింది." డ్రైవరు గొంతు, హిందీలో.

"ఫ్యూజు మార్చు."

కాసేపు గరగర. "మార్చిన వెంటనే అదీ పోయింది."

రెండో ఫ్యూజు కూడా పోయిందంటే ఎక్కడో వైరు ఇనుముకు తగులుతోంది. ఎక్కడో నాకు తెలియదు. వెతికే సమయం వాళ్ళకు లేదు.

అప్పుడు అతను తెలుగులోకి దిగాడు. "మేడం, లోయ అంచు కనపడల్యా. శానా కష్టంగా ఉండాది. నా జేబులో ఒక పోగుండాది. సుడతా."

"సుట్టొద్దు."

"ఒక్కటే మేడం. పది కిలోమీటర్లే."

"ఆక్సిజన్ యాడుంది?"

"ఎనకాల."

"నడస్తాందా?"

"నడస్తాంది."

"వైరు అంటుకుంటే ఆ సిలిండరు ఏమైతాదో నీకు తెల్దా?"

వెనక నుంచి నర్సింగ్ అసిస్టెంట్ హిందీలో అరవడం వినపడింది. "ఏదో ఒకటి చెయ్యండి! ఇతనికి టైం లేదు!"

"అక్కా," అన్నాడు డ్రైవరు. యూనిఫాంలో ఉండగా అతను నన్ను అలా పిలవడం అదొక్కసారే. "ఈ మనిషి సస్తాడక్కా. పోగు సేతిలోనే ఉండాది."

నాకు కోపం వచ్చింది. భయపడినప్పుడు నాకు వచ్చేది అదే. "సుట్టల్లని అంత దురదగా ఉంటే నీ వేలికి సుట్టుకో! ఫ్యూజు జోలికి పోవద్దు. ఇది ఆర్డరు. ఎడమ స్విచ్చు ఆపేసెయ్. ఇప్పుడు ఇను. పదమూడు నంబరు స్పానరు తీస్కో. దిగు. కుడి లైటు కింది నట్టు వదులు చెయ్. లైటు మొగం ఎడమకు తిప్పు. అంచు మీద పడేట్టు. మళ్ళా బిగించు."

గరగర.

"కొండ పక్క కనపడదు కదా మేడం?"

"కొండను గుద్దితే రేకు పోతాది. లోయలోకి పోతే నువ్వు పోతావు. తిప్పు!"

సెట్టు ఆగిపోయింది. మలుపుల్లో అది ఎప్పుడూ అంతే. సిగ్నలర్ పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. జవాబు లేదు.

"మేడం," అన్నాడు కొంతసేపటికి, "ఇందాకటి కోడ్ మాకు నేర్పలేదు."

"కోడ్ కాదు. మా ఊరి భాష."

"శత్రువుకు అర్థం కాదు కదా?"

"కోస్తావాళ్ళకే సరిగా అర్థం కాదు."

అతను తల ఊపి టీ ఇచ్చాడు. టీ మీద మీగడ కట్టింది. నేను తాగలేదు. వాగు దగ్గర ఆగినప్పుడు అతని చేతిలో పోగు ఉంది. నేను ఇక్కడున్నాను. నా ఆర్డరుకు పది కిలోమీటర్ల అవతల ఏం విలువ ఉంటుంది? ఊపిరాడని మనిషి వెనక మూలుగుతుంటే, చిన్నప్పటి నుంచి చేసిన పనిని చెయ్యి దానంతటదే చేసేస్తుంది.

చీకటి పడ్డాక కింది బేస్ నుంచి కబురు వచ్చింది. ముందు హిందీలో, పద్ధతిగా: రోగి అందాడు, ప్రాణాలతో ఉన్నాడు. తర్వాత ఇంకో గొంతు, పద్ధతి లేకుండా: "చేరినాం మేడం. కుడి పక్క రేకు పోయింది."

"పోనీలే," అన్నాను. అప్పుడు టీ తాగాను. చల్లగా ఉంది.

మర్నాడు జీపు పైకి వచ్చింది. పొగమంచులోంచి ముందు ఒక్క పసుపు లైటు, మెల్లకన్నులా పక్కకు చూస్తూ. కుడి వైపు రేకంతా కొండ గీరిన గీతలు. బండి ఆగకముందే బానెట్ పట్టుకున్నాను.

వాగులో ఎగిరిన రాయి ఒక క్లాంపును పీకేసింది. ఎడమ లైటు వైరు జారి పొగ గొట్టం మీద పడింది. తోలు కరిగి, రాగి ఇనుముకు తగులుకుంది. అక్కడికి జానెడు దూరంలో పెట్రోలు పైపు. ఫ్యూజు పెట్టె తెరిచాను. కాలిన ఫ్యూజు ఒకటి ఉంది. దాని మీద పోగు లేదు.

"పోగు యాడ?" అన్నాను.

డ్రైవరు కుడి చేతి తొడుగు లాగాడు. చూపుడు వేలికి రాగి పోగు. మొదటి కణుపు నుంచి చివరి దాకా, బిగించి, నీటుగా, జడ అల్లినట్టు. వేలి కొస నేరేడు పండు రంగులో ఉంది.

"ఇదేందప్పా?"

"మీరే కదా చెప్తిరి మేడం. వేలికి సుట్టుకోమని."

"రాత్రంతా ఉంచుకున్నావా?"

"విప్పమని చెప్పల్యా."

అతను ఎగతాళి చేస్తున్నాడేమోనని ముఖం చూశాను. చేయడం లేదు. స్పానరు తిప్పాక చెయ్యి రెండుసార్లు ఫ్యూజు పెట్టె వైపు పోయిందట. పోగు వేలి మీద ఉంది కాబట్టి ఆగిందట. కటింగ్ ప్లేయరు తీసుకుని, చర్మానికి తగలకుండా ఒక్కో చుట్టు తెంపాను. వంటవాడు నెల తర్వాత తిరిగి వచ్చి మళ్ళీ అవే మాడిన రొట్టెలు పెట్టాడు.

ఆ పోస్టులో నా కాలం ముగిసింది. ఎర్రగుంట్లలో రైలు దిగాను. జమ్మలమడుగు తీసుకుపోవడానికి మా చిన్నాయన కొడుకు జీపు తెచ్చాడు. నెత్తి మీద వరసగా ఆరు లైట్లు, పెండ్లి ఊరేగింపు మాదిరి.

"ఎట్టుండాదక్కా? గండికోటకు టూరిస్టుల్ని తిప్పతాండా. రాత్రి ఏస్తే పగలే!"

"బానెట్ ఎత్తు."

"ఇప్పుడా? స్టేషన్ కాడనా? అమ్మ అన్నం పెట్టుకోని కూసోనుంది."

"ఎత్తురా."

ఎత్తాడు. ఫ్యూజు పెట్టె తెరిచాను. మెరుస్తున్న మూడు పోగులు.

"ఒక్క ఫ్యూజుకు ఇంత రాద్ధాంతమా? ఊర్లో అందరూ సుడతారు. ఏం కాదులే అక్కా."

జవాబు నా నోటి చివరనే ఉంది. నాకెప్పుడూ ఉంటుంది. ఆ రోజు మాత్రం పోగులు విప్పి, వాడు అంగట్లో ఫ్యూజు కొని తెచ్చేదాకా సామాను మీద కూర్చున్నాను. వాడు గొణుక్కుంటూ పోయాడు. విప్పిన పోగులు నా అరచేతిలో ఉన్నాయి, ఎండకు వేడెక్కి.

ఆ కొండలు, ఆ బంకర్లు, ఆ మంచు ఇప్పుడు సగం మర్చిపోయాను. మనసులోంచి పోనిది ఒకటే. తెంపిన పోగు కింద ఆ వేలి మీద తెల్లగా మిగిలిన చుట్లు, ఒక్కో చుట్టులోకీ మెల్లగా తిరిగి వస్తున్న రక్తం.