గోడకు మేకు

పిల్లలు క్లాసులకు వెళ్లాక వార్డెనమ్మ రోజూ హాస్టల్ గదులన్నీ చూసి వస్తుంది. ఇరవై రెండేళ్ల అలవాటు. ప్రతి గదిలోనూ అరచేత్తో గోడ తడుముతుంది. మేకు కొట్టిన కన్నాన్ని టూత్‌పేస్టుతో పూడ్చినా ఆమె బొటనవేలికి ఇట్టే తెలిసిపోతుంది. గోడకు మేకు కొట్టరాదన్నది పదకొండో నియమం. దొరికిన పటాలూ, హీటర్లూ, ఇస్త్రీపెట్టెలూ గది నంబరు చీటీతో ఆఫీసు బీరువాలోకి చేరతాయి. గది ఖాళీ చేసే రోజునే తిరిగి ఇస్తారు. పిల్లలు బతిమాలినా, తిట్టుకున్నా ఆమె ముఖంలో ఏ మార్పూ ఉండదు.

నిన్న వార్డెనమ్మ వాళ్లక్క వచ్చింది. చెల్లెలి గదిలో బోసిగోడలు చూసి, "ఇదేం కొంపే, ఇన్నేళ్లయినా నిన్నో మొన్నో దిగినట్టుంది!" అంటూ సంచిలోంచి చనిపోయిన అమ్మ ఫొటో తీసి, తనే మేకు కొట్టి తగిలించింది. "రోజూ ఒక్కసారైనా చూడు" అని చెప్పి బస్సెక్కింది. ఈ ఉదయం గదులన్నీ అయ్యాక వార్డెనమ్మ చివరికి తన గది తలుపు తీసింది. గోడ తడిమింది. ఫొటో దించి, మేకు పీకి, చీటీ మీద తన గది నంబరు ఒకటి వేసి, బీరువాలో ఇస్త్రీపెట్టెల పక్కన పెట్టింది. తర్వాత రిజిస్టరు తెరిచి సంతకాలు చేసింది, ఇచ్చినవాళ్ల గడిలో ఒకటి, తీసుకున్నవాళ్ల గడిలో ఒకటి.