భుజం మీద దీవెన

అమెరికాలోని నేపర్‌విల్‌లో ఫ్రీడా ఆంటీ రోజూ తాతగారి మఖమల్ అంగీ దులుపుతూ కోతలు కోస్తుంది: ఆయన జర్మనీలో ఆపెరా పాడితే మూడూళ్ల అవతలి ఆవులు కూడా మేత మానేసేవట! ఆ వంశంలో తానొక్కతే, పంతొమ్మిదో ఏట వేదికెక్కి, గొంతు పెగలక దిగిపోయింది. ఆరోజు వేదికెక్కే ముందు తెర వెనక తండ్రి ఆమె భుజం మీదుగా మూడుసార్లు ఉత్తుత్తినే ఉమ్మి దీవిస్తే, పొరపాటున థాంక్స్ చెప్పేసింది. అలా చెబితే దీవెన చెడుతుందని ఆపెరా వాళ్ల నమ్మకం.

2009లో పక్కింటి కావ్యశ్రీ తొలి కచేరీకి తెర వెనక వణుకుతుంటే, ఫ్రీడా ఆ పిల్ల భుజం మీదుగా “తూ తూ తూ” అంది.

“మా అమ్మమ్మ కూడా ఇలాగే దిష్టి తీస్తుంది ఆంటీ! థాం—”

ఫ్రీడా చప్పున ఆ నోరు మూసింది. “ఒక్క మాటొద్దు! వెళ్లి పాడు!”

కావ్యశ్రీ నవ్వుకుంటూ వెళ్లింది. తొలి స్వరం తొణక్కుండా నిలిచేసరికి, తెర వెనక, ఎవరికీ వినపడనంత మెల్లగా, ఫ్రీడా యాభై ఏళ్ల తర్వాత గొంతు కలిపింది.