కచింగ్వే గారి కోటు

లిలాంగ్వేలో మా ఆఫీసులో కచింగ్వే గారి ఉద్యోగమల్లా ఏటా రెండు గీతలు గీయడం. ప్రభుత్వ ఖర్చులో ఉద్యోగుల జీతాలకు పోయే వాటా మా మలావీలో ఎంత, పక్కనున్న జాంబియాలో ఎంత అన్నదే ఆ గీతల సంగతి. జాంబియా గీత పైనుంటే "మనమే నయం" అని మావాళ్ళు జీతాలు పెంచుకునేవారు. మా గీత పైకెళ్తే, ఎందుకెళ్ళిందో తేల్చడానికి ఇంకో ఇద్దర్ని ఉద్యోగంలోకి తీసుకునేవారు. గీత ఇంకా పైకెళ్ళేది, మరి వెళ్ళదా?

కచింగ్వే గారు మాత్రం పొద్దున్నే వచ్చి, కోటు కుర్చీకి తగిలించి, తన కోళ్ళఫారానికి వెళ్ళిపోయేవారు. కోటుంటే మనిషున్నట్టే. మా దగ్గర హాజరంటే అదే.

మొన్న రెండు దేశాల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూద్దామని జాంబియా నుంచి ముసోండా గారు వచ్చారు. కుర్చీకున్న కోటునీ, గుమ్మం దాటబోతున్న కచింగ్వే గారినీ చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"అన్నా, మీకూ ఇదే పద్ధతా!"

పక్క కుర్చీకి తన కోటు తగిలించారు. ఇద్దరూ చంబో చేపల వేపుడు తినడానికి పోయారు.

ఆ రెండు కోట్లనీ చూసి నాకు నవ్వాగలేదు. మా డైరెక్టరు తలుపు సందులోంచి తొంగిచూసి నామీద గుడ్లురిమాడు.

"నోరు మూసుకోవయ్యా! అక్కడ రెండు దేశాలు పనిచేసుకుంటున్నాయి, కనపట్టంలా?"