చుక్కల అద్దానికి బొట్టు

మా మేడమీది గదిలో అద్దెకున్న అమ్మాయిది భీమవరం వైపు. పగలు బ్యాంకులో ఉద్యోగం. చీకటి పడగానే టెలిస్కోప్‌కి కెమెరా బిగించి ఆకాశానికి గురిపెట్టేది. ఎప్పుడో పేలిపోయిన ఒక నక్షత్రం తాలూకు వెలుగును ఫొటో తీస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల లైట్ల మధ్య అది ఒక్కసారికి దొరకదట. రోజూ కాసేపు తీసి, ఆ ఫొటోలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చాలట. వానలు తగ్గాక కొన్ని వారాలే అదను; ఆ తర్వాత అది పడమటికి దిగిపోతుంది.

"సచ్చిపోయిన చుక్కకు ఫొటో ఎందుకు బిడ్డా?" అన్నాను.

"పోయినా ఇంకా వెలుగుతోంది కదండీ పిన్నిగారూ! కుచ్చిళ్లు విప్పి ఆరేసిన పట్టుచీరలా ఉంటుంది. పూర్తయ్యాక చూద్దురుగాని."

ఆయుధపూజ నాడు ఆమె పూలు తేవడానికి బజారుకు వెళ్లింది. నేను స్కూటరుకూ, నీళ్ల మోటారుకూ, మిక్సీకీ బొట్లు పెట్టి మేడెక్కాను. ఆ టెలిస్కోప్ మాత్రం పనిముట్టు కాదా, కన్నవాళ్లకు దూరంగా ఉన్న పిల్ల, నేను కాక ఎవరు పెడతారు అనుకున్నాను. మూత తీస్తే నిండు కన్నులాంటి అద్దం. నడిమధ్యన తడి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకున్నాను.

ఆమె మెట్లెక్కి వచ్చి అలాగే నిలబడిపోయింది. ఆ ముఖం చూసి కంగారుపడి, కొంగుతో గబగబా రుద్దాను.

"తుడవకండి! గీతలు పడతాయి, తుడవకండి పిన్నిగారూ!"

అప్పటికే రుద్దేశాను.

ఆ సాయంత్రం తీసిన ఫొటోలో ప్రతి చుక్క చుట్టూ మసక. టెలిస్కోప్ రిపేరుకు పోయింది.

"చుక్కలకు సుత పసుపు కుంకుమలు ఇచ్చినవా? ఇగ పేరంటానికి పిలువు," అని మా ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వే నన్ను కోసింది. నన్ను ఒక్క మాట అనేసి ఉంటే బాగుండేది.

టెలిస్కోప్ తిరిగొచ్చేసరికి ఆ వెలుగు దిగిపోయింది. ఆ ఏడు ఫొటో సగంలోనే ఆగింది. ఆరేసిన బట్టలు తేవడానికి కూడా ఆమె లేని వేళ చూసుకుని మేడెక్కేదాన్ని.

మళ్లీ దసరా వచ్చింది. పళ్లెం పట్టుకుని కిందనే తచ్చాడుతుంటే ఆమే పిలిచింది.

"రండి పిన్నిగారూ, మీరు పెట్టకపోతే ఎలా? ఈసారి పూర్తిచేసెయ్యాలి." స్టాండు ఇనుప కాలు చూపించింది. "ఇక్కడ పెట్టండి. ఎంత పెద్ద బొట్టయినా పర్లేదు."

వంగి పెట్టాను. లేచి ఆమె ముఖం చూడలేక, ఆ కాలికి రాసిన పసుపునే సరిదిద్దుతూ కూర్చున్నాను.