మా దూలాల్లో ఓడను తడిమిన ప్రొఫెసరమ్మ

మా ముత్తాత సూర్యనారాయణ శెట్టి గారికి కళింగపట్నం రేవులో సొంత ఓడలుండేవి. మా తాత జగన్నాథ శెట్టి గారు రేవుకు వస్తే దొరల గుమాస్తాలు సైతం లేచి నిలబడేవారు. మా ఇంట్లో ఎవరికోసమూ లేచే అలవాటు లేదు. నేను ఒక్కరికోసం లేచేవాణ్ణి. ఆ ఒక్కరు, డాక్టర్ అప్పలనరసమ్మ గారు, పోయిన మంగళవారం శ్రీకాకుళం ఆసుపత్రిలో కన్నుమూశారు. కబురు వినగానే నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

ఆమె నౌపడ ఉప్పుమడుల్లో కష్టపడిన వారి కూతురు. విశ్వవిద్యాలయంలో సముద్ర పురావస్తు శాస్త్రం బోధించేవారు. నీటి అడుగున పడిపోయిన ఓడలను, రేవులను వెతికి చదివే విద్య అది. చేరేవాళ్లు తగ్గారని ఆ కోర్సును మూసేశారు. ఆఖరి విద్యార్థుల చదువు సగంలో ఉండగానే గదికి తాళం పడింది. ఆమె మా గుమ్మంలో నిలబడి, "బాబూ, ఈ పిల్లల సదువు అయ్యేదాకా మీ సావిడి కావాల" అన్నారు. ప్రాధేయపడలేదు. అందుకే ఇచ్చాను.

వంశధార సముద్రంలో కలిసే చోట నీళ్లు బురద. దిగినవాడికి తన చెయ్యి తనకే కనబడదు. అందుకని ఆమె పిల్లల కళ్లకు తువ్వాలు కట్టి, నీళ్ల బానలో కర్రముక్కలు, పెంకులు వేసి తడిమించేవారు. "కళ్లు గట్టు మీద ఒగ్గేసి దిగండి. సేతి ఏళ్లకి సదువు రావాల" అనేవారు.

"మేడమ్, రాతి లంగరు ముక్క" అన్నాడొక విద్యార్థి గంభీరంగా.

"ఒరే, నిన్న నువ్వు తినీసిన కొబ్బరికాయ సిప్పరా అది."

ఒకరోజు ఆమె బల్ల ఎక్కి, తానూ కళ్లు మూసుకుని, మా సావిడి దూలం పొడుగునా వేళ్లు నడిపారు. ఒక బెజ్జం దగ్గర ఆగి గోటితో గీకారు. తర్వాత, "మీ తాతగారి ఆఖరి ఓడ ఏటైనాది?" అని అడిగారు.

"నడిసముద్రంలో తుపానుకు మునిగింది. మేం అమ్ముకోలేదు" అన్నాను. మా ఇంట పుట్టిన ప్రతివాడికీ నేర్పే మాట అది.

"ఓడని నెత్తిమీద ఎట్టుకుని మునిగిపోనాదంతారేటి బాబూ? ఈ బెజ్జాలు సెదలువి కావు, సముద్రం పురుగు తొలిసినవి. అది ఉప్పునీళ్లలో ఉన్న కర్రనే తింతాది. ఈ సందుల్లో ఓడకి రాసిన గుగ్గిలం ఇంకా ఉన్నాది."

నాకు ఒళ్లు మండింది. "మా తాత అబద్ధమాడారంటారా?"

"అమ్ముకోనేదన్నది నిజవే కదా. ఒకడి సేతిలో ఎట్టనేక, ఓడని ముక్కముక్కా ఇప్పదీయించి ఇంటికి తెచ్చుకున్నారు. మునిగిపోనాదంతే ఇంకెవుడూ బేరానికి రాడు."

ఆ కప్పు కింద పుట్టి, ఆ కప్పు కిందే ముసలివాణ్ణయ్యాను. ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. ఆమె వేళ్లతో మా తాత మనసు చదివేశారు. మర్నాటి నుంచి ఆమె వస్తే లేచేవాణ్ణి.

ఆ పిల్లలందరూ పాసయ్యారు. ఆ విద్య ఇప్పుడు ఈ తీరంలో చెప్పేవారు లేరు. ఆసుపత్రిలో ఆమెకు మిగిలిన బెంగ ఒక్కటే, పిల్లలను సముద్రం మీదికి తీసుకెళ్లిన విశ్వవిద్యాలయం వారి శిక్షణ పడవ. "ఒడ్డున ఎండిపోతన్నాది బాబూ. మీ పెరట్లో సోటున్నాది" అన్నారు.

మా వంశంలో ఒకరిని ఏదైనా అడిగినవారు లేరు. దహనం అయ్యాక నేను విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఒక గుమాస్తా ఎదుట నిలబడి, ఆ పడవ ఇప్పించమని అడిగాను. ఆమెకు నేను చెయ్యగలిగిన నమస్కారం అదే.

పడవను అప్పటికే వేలంలో అమ్మేశారు. ఇంజను రాజాం వ్యాపారి కొన్నాడు. చెక్క ఇటుకబట్టీ వాళ్లు కొన్నారు.