డెబ్బయ్యో చుట్టు

నాకు అరవై నిండిన ఏడు ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి పుట్టినరోజునా, ఎన్నేళ్లు నిండితే అన్నిసార్లు మా గోదావరిఖని కాలనీ గ్రౌండు చుట్టూ ఆగకుండా నడవాలి. ఒక చుట్టు రెండు వందల మీటర్లు. చుట్ల లెక్క, పట్టిన సమయం నోటుబుక్కులో రాస్తాను. పదేళ్లలో ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు.

ఈ డిసెంబరులో డెబ్బై నిండాయి. డెబ్బై చుట్లంటే పద్నాలుగు కిలోమీటర్లు. పక్క క్వార్టరామె ఎప్పటిలాగే మెట్ల మీద కూర్చుని, చుట్టుకొక గులకరాయి పక్కకు జరుపుతూ లెక్కపెట్టింది. నేనూ మనసులో లెక్కపెట్టుకుంటాను. నలభై మూడో చుట్టులో ఆమె ఫోన్లో మాట్లాడుతూ రెండు రాళ్లు జరపడం చూశాను. చివర్లో చెబుదాములే అనుకున్నాను. యాభై దాటాక మోకాళ్ల కింద కాళ్లు ఉన్నట్టే తెలియలేదు.

"డెబ్బై అయినయక్కా, ఇగ కూసో. నువ్వు పడితే ముసల్దాన్ని నడిపిచ్చి సంపిందని కాలనీ అంత నన్నే అంటది" అందామె.

"పడితే నువ్వు లేపవా?" అన్నాను.

"ముందుగాల నన్నెవరు లేపాలె? పొద్దుగాల సంది కూసుంటే నడుము పట్టింది."

నా లెక్కలో అరవై తొమ్మిదే. ఇంకొక్క చుట్టు, నాలుగు నిమిషాల పని. నడవగలను కూడా. అయినా ఆమె పక్కన కూర్చున్నాను.

ఇంటికొచ్చి డెబ్బై చుట్లు, నాలుగు గంటల పది నిమిషాలు అని రాశాను. బాధ కలుగుతుందేమోనని కాసేపు ఆ అంకెనే చూశాను. ఏమీ కలగలేదు. పుస్తకం మూసి బియ్యం కడిగాను.