రుద్దిన నలుపు

ఎమ్మెస్సీ జియాలజీ చదివిన రెండేళ్లూ నా కడుపుమంట అంతా ఒక్క మనిషి మీదే. హాస్టల్లో నా గదిలోనే ఉండేది. వాళ్లది టెక్కలి వైపు, అయ్య గ్రానైట్ పాలిష్ షెడ్డులో కూలి. మా నాన్న బొబ్బిలిలో సైన్సు మాస్టారు. ఆరో తరగతిలోనే నాకు భూతద్దం కొనిచ్చారు. అయినా ఏం లాభం? నేను భూతద్దం తీసేలోగా ఆమె రాయి మీద నాలుగు నీటిచుక్కలు జల్లి, "ఇందులో క్వార్ట్జ్ లేదు సార్" అనేసేది. అదే నిజమయ్యేది. నాకు ఒళ్లు మండేది.

పెద్ద గింజల అగ్నిశిలకు పేరు పెట్టాలంటే ఏ ఖనిజం ఎంతుందో లెక్కగట్టాలి. క్వార్ట్జ్ బాగా ఉంటే గ్రానైట్. అది లేకుండా తెల్ల ఫెల్డ్‌స్పార్ ఎక్కువై, నల్ల గింజలు ఓ మోస్తరుగా ఉంటే డయోరైట్. నలుపు బాగా పెరిగితే గాబ్రో. చేత్తో పట్టుకుని చూసే రాయి ముక్కకు మాకు నేర్పిన లెక్క అది. గళ్ల ప్లాస్టిక్ కాగితం రాయి మీద పరిచి, ప్రతి గడి మూల కింద ఏ గింజ పడిందో రాసుకునేవాళ్లం.

చివరి ప్రాక్టికల్‌కి ఎవరి రాయి వాళ్లే తెచ్చుకోవాలన్నారు. బాగా చేసినవాళ్లలో ఒక్కరినే సార్ వేసవిలో సర్వేకి తీసుకెళ్తారు. ఆ ఒక్కరు నేనే కావాలి. టెక్కలిలో ఓ షెడ్డు నుంచి నిగనిగలాడే నల్ల ముక్క తెచ్చుకున్నాను. లెక్కేస్తే గాబ్రో. ఫోటో తీసి నాన్నకు వాట్సాప్‌లో పంపాను కూడా.

ముందురోజు సాయంత్రం ఆమె నా మంచం దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఒసే, ఆ రాయి వొద్దే. రంగు రుద్దిన రాయది. అసిటోన్‌తో తుడిసి సూడు."

"నీకెలా తెలుసు?"

"మా అయ్య సేసే పనదే."

"నా రాయి బాగున్నాదని ఏడుపా నీకు?" అన్నాను. ఆమె తన మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు సార్ నా రాయిని అటూ ఇటూ తిప్పి, అసిటోన్‌లో ముంచిన దూదితో తుడిచారు. దూది నల్లబడింది. కింద తెల్ల ఫెల్డ్‌స్పార్ బయటపడింది. "ఇది డయోరైటమ్మా. నల్లరాయికి ధర ఎక్కువని షెడ్లలో రంగు రుద్దుతారు, ఎవరూ చెప్పలేదా?"

నేను ఆమె వైపు చూశాను. ఆమె తలొంచుకుంది. సర్వేకి ఆమే ఎంపికైంది.

"ముందే సెప్పానని సార్‌తో అనొచ్చు కదే, ఎందుకనలేదు? నా పరువు కాపాడ్డానికా?" అని ఆ సాయంత్రం దెప్పాను.

"నీ పరువేటి? నీకెలా తెలుసని సార్ అడిగితే ఏటి సెప్పను? మా అయ్య దొంగరంగు రుద్దుతాడని అందరి ముందూ అనమంటావా?"

ఆ సంగతి కాలేజీ మొత్తంలో నాకొక్కదానికే చెప్పింది. నేను దాన్ని ఏడుపన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా వేసవిలో ఆమె సర్వే జీపెక్కుతుంటే నా కడుపు మండింది, అబద్ధమెందుకు.